ఛాయాచిత్రకారుని రెండవ శ్రమ

మీట నొక్కగానే ఛాయాచిత్రకారుని పని ముగిసినదని చాలామంది భావిస్తారు. ఉప్పల్, నాచారం పరిసరాలలో పెండ్లిండ్లకు కెమెరా పట్టే మిత్రులను సన్నిహితంగా ఎరిగిన నాకు, వారి అసలు శ్రమ ఆ తరువాతనే ఆరంభమవుతుందని తెలుసు. ఒక్క వివాహానికి మూడువేల చిత్రాలు తీయడం నేడు వింత కాదు. ఒక్కొక్క 'రా' చిత్రం 25 మెగాబైట్లనుకున్నా మొత్తం 75 గిగాబైట్లు! ఆల్బమునకెక్కేవి ఏ రెండు మూడు వందలో. వాటిని ఏరడానికే రాత్రులు గడచిపోతాయి.

సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకల మీద చిత్రాలు తీశారు. పలక బరువైనది, తీసి పారవేయదగినది కాదు. కనుక ఎంపిక చాలవరకు మీట నొక్కకముందే జరిగిపోయేది. నేడది వెనుకకు జరిగి కంప్యూటరు ముందు కూర్చున్నది.

ఈ భారాన్ని తగ్గించిన సాఫ్ట్‌వేర్లలో అడోబీ లైట్‌రూమ్ ముఖ్యమైనది. మార్క్ హాంబర్గ్ ప్రభృతుల కృషి వలన అది 2007 ఫిబ్రవరిలో వెలువడినది. ఆ ఏడే డిసెంబరులో అడోబీ సంస్థకు ప్రధాన కార్యనిర్వహణాధికారియైన శంతను నారాయణ్ మన హైదరాబాదులో జన్మించి, నాచారానికి అనతిదూరంలోని ఉస్మానియాలో ఇంజనీరింగు చదివినవారు. మూలగ్రంథాన్ని దిద్దక అంచున వ్యాఖ్య వ్రాసుకున్నట్లు, లైట్‌రూమ్ అసలు చిత్రాన్ని ముట్టకుండా మార్పుల వివరాలను మాత్రమే భద్రపరుస్తుంది. ఒక చిత్రానికి కుదిర్చిన వెలుగును అదే దీపాల క్రింద తీసిన వందింటికి క్షణంలో వర్తింపజేయవచ్చు. నా దృష్టిలో ఇదే నిజమైన ఉపకారం.

ఇప్పుడు ఎంపికను సైతం యంత్రానికప్పగించే ప్రోగ్రాములు వచ్చాయి. మసకబారినవి, కన్నులు మూసుకున్నవి వేరుచేసి చూపుతాయి. సౌకర్యమే, కాదనను. కాని నికాహ్ అనంతరం దుఆకు చేతులెత్తినప్పుడు ఎందరో కన్నులు మూసుకునే ఉంటారు. జీలకర్ర బెల్లం వేళ వధూవరుల రెప్పలు వాలి ఉంటాయి. యంత్రానికి ఇవన్నీ దోషాలే! మన కళాశాలలో కంప్యూటరు విద్య అభ్యసించే సోదరులు ఇట్టి ప్రోగ్రాము వ్రాయదలిస్తే, ముందుగా ఒక రాత్రి ఏ స్టూడియోలోనైనా కూర్చుని చూడవలెనని నా మనవి.

నాచారంలోని ఒక మిత్రుడు, ప్రోగ్రాము పనికిరానివని ప్రక్కకు నెట్టిన చిత్రాలను మరల ఓపికగా తిరగవేశాడు. వాటిలో వధువు తండ్రి కన్నులు మూసుకుని దుఆ చేస్తున్న చిత్రం కనిపించినది. దానికి ఆల్బములో పూర్తి పుట కేటాయించాడు. నెల తిరగకముందే ఆ పెద్దమనిషి వచ్చి ఆ ఒక్క చిత్రానికే మరి నాలుగు ప్రతులు అడిగి తీసుకుపోయారట.