బ్యాగు గట్టిదనం చూశాను, రంగు చూడలేదు

సెలవులకి ఊరెళ్లే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా ఊరికి పాడేరు దాటాక జీపు దిగి రెండు గంటలు కొండెక్కాలి. పుస్తకాలు, ఉప్పు, నూనె, నాయనమ్మ బీపీ మందులు అన్నీ వీపు మీదే. కాలేజీ బ్యాగు పట్టీలు రెండుసార్లు తెగాయి. కొత్త ట్రెక్కింగ్ బ్యాగు అడిగితే నాలుగు వేలు పైమాటే. అందుకని నిరుడు విశాఖ వన్ టౌన్‌లో పాత మిలటరీ సామాన్లు అమ్మే కొట్టుకి పోయి, ఆకుపచ్చ మచ్చల బ్యాగు ఒకటి 600 రూపాయలకి తెచ్చుకున్నా. గట్టిది, చవక. ఇంకేం కావాలి అనుకున్నా.

ఘాట్ రోడ్డు తనిఖీలో అందరి బ్యాగులూ చూసి వదిలేశారు. నాది మాత్రం రోడ్డు మీద కుమ్మరించారు. "ఎక్కడిది? ఎవరిచ్చారు? రసీదేది?" పాత సామాన్ల కొట్టులో రసీదెక్కడిది? సన్నగా వాన. రికార్డు తడిసిపోయింది. హాస్టల్ ఐడీ చూపించి బయటపడేసరికి ఆఖరి జీపు వెళ్లిపోయింది. మందులు మర్నాడు మధ్యాహ్నానికి గానీ నాయనమ్మకి చేరలేదు.

ఇంటికెళ్తే తాత ఆ బ్యాగు మీద వెంటనే గోనెపట్టా కప్పేశాడు. "ఈ రంగు అటోళ్లూ వేశారు, ఇటోళ్లూ వేశారు. రాత్రి ఊళ్లోకి ఎవరొచ్చారో తెలిసేది కాదురా. తెల్లారితే మమ్మల్నే అడిగేవాళ్లు" అన్నాడు. నాకది చవక బ్యాగు. తాతకది నిద్రలేని రాత్రి.

తర్వాత చట్టం చదివా. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో సైనికుల దుస్తులు, గుర్తులు వాడితే నేరం. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్, మూడు నెలల దాకా జైలు. మనకా ఉద్దేశం లేదు కాబట్టి ఉత్త బ్యాగు మోస్తే నేరం కాదు. అయితే 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడి తర్వాత, సైనిక నమూనా దుస్తులు వేసుకోవద్దని పౌరుల్ని సైన్యమే కోరింది. ఇదంతా వానలో నిలబడి ఎవరికి వివరిస్తాం?

ఈ ఏడాది మళ్లీ అదే కొట్టుకి పోయా. ఈసారి తొందరపడలేదు.

ముందు రంగు. మచ్చలవి, ఆలివ్ గ్రీన్‌వి పక్కన పెట్టేశా. కొట్టాయన ఇత్తడి బకిల్స్ ఉన్న పాత కాన్వాస్ సంచి చూపించాడు. బ్రిటిష్ సైన్యం 1937లో తెచ్చిన రకం, మన సైన్యం కూడా స్వాతంత్ర్యం వచ్చాక చాలా ఏళ్లు వాడింది. చూడ్డానికి బాగుంది గానీ నడుం బెల్టు లేదు, తడిస్తే బరువెక్కుతుంది. వద్దన్నా.

నడుం బెల్టు ముఖ్యం. బరువు భుజాల్ని లాగకుండా తుంటి ఎముకల మీద కూర్చోవాలి. మెడ వెనక పొడుచుకొచ్చిన ఎముక నుంచి తుంటి దాకా ఎంతుందో, బ్యాగు వీపు భాగం దానికి సరిపోవాలి. పొట్టివాళ్లు పెద్ద బ్యాగు కొంటే బెల్టు తొడల మీదకి జారుతుంది. కొట్టులోనే పది కిలోల సామాన్లేసి నడిచి చూడండి. పట్టీలు కలిసే చోట అడ్డకుట్లు లాగి చూడండి. లోపల పూత జిగటగా ఊడుతున్నా, బూజు వాసనొచ్చినా కొనొద్దు. విరిగిన బకిల్‌కి మాత్రం భయపడక్కర్లేదు, అది చూపించి ధర తగ్గించండి.

నాకు సాదా నల్లది 750కి దొరికింది. బకిల్‌కి చెప్పులు కుట్టే ఆయన 40 తీసుకున్నాడు. వానకి లోపల యూరియా సంచి ప్లాస్టిక్ కడిగి వేశా. బరువైనవి వీపుకి ఆనించి సర్దా. తాత కావడి రెండువైపులా తూచి కట్టినట్టే, ఇదీ పక్కకి లాగకూడదు.

బ్యాగు రంగు చూసి మనవాళ్లనే ఆపడం న్యాయమా? కాదు. మారాల్సింది మన బ్యాగు ఒక్కటే కాదు, ఆ మాట మనం అడుగుతూనే ఉండాలి. కానీ అది మారేదాకా మందులు టైముకి ఇంటికి చేరాలి కదా.

మచ్చల బ్యాగు కొనేసినవాళ్లు పారేయకండి. హాస్టల్లో బట్టలకి వాడుకోండి. కొండ దారికి మాత్రం వద్దు.