మడిచే చేతులు

పక్కలు వెయ్యటం, పక్కలు తియ్యటం. రోజుకి రెండుసార్లు, ఏళ్ల తరబడి చేసే ఈ పనిని ఎవరూ పనిగా లెక్కెయ్యరు. వంట గురించి, అంట్ల గురించి మనం చాలానే రాసుకున్నాం. పక్కల గురించి అంత రాసుకోలేదు. మా అమ్మమ్మగారింట్లో మగవాళ్ల మంచాలు ఎక్కడివక్కడే ఉండేవి. ఆడవాళ్లకీ పిల్లలకీ చాపలు, బొంతలు. అందరి భోజనాలూ అయ్యాక పరిచి, తెల్లవారకముందే చుట్టి మూలకి చేర్చేవాళ్లు. పగటిపూట చూస్తే ఆ ఇంట్లో ఆడవాళ్లు కూడా నిద్రపోతారనటానికి ఆనవాలే కనపడేది కాదు.

జపాన్ వాళ్ల ఫుటాన్ గురించి చదువుతుంటే ఆ మూల గుర్తొచ్చింది. ఇప్పుడు దుకాణాల్లో ఫుటాన్ అంటే మడత పడే చెక్క ఫ్రేము, దాని మీద పరుపు. పగలు సోఫా, రాత్రి మంచం. అసలు ఫుటాన్‌కి ఫ్రేమే లేదు. దూది కూరిన పరుపుని రాత్రి తతామి చాపల మీద పరిచి, పొద్దున్నే మడిచి గోడ అల్మారాలో పెట్టేస్తారు. ఈ పేరుతోనే తయామా కతాయ్ 1907లో ఒక నవలిక రాశాడు. రచయిత్రి కావాలని వచ్చిన శిష్యురాలి మీద మనసు పడ్డ ఒక నడివయసు రచయిత కథ అది. ఆమెని తండ్రి వచ్చి ఊరికి తీసుకుపోయాక, ఆమె పడుకున్న పరుపు బయటికి తీసి, అందులో మొహం దాచుకుని ఏడుస్తాడు. జపాన్ ఆధునిక సాహిత్యంలో స్వీయకథనానికి దీన్ని మైలురాయి అంటారు. ఆ పాత్రకి మూలమైన ఒకదా మిచియో తర్వాత తన కథలు తాను రాసుకుంది. కానీ లోకానికి గుర్తున్నది ఆయన ఏడుపే. ఆమె పరుపు కూడా ఆయన ఖాతాలోకే పోయింది.

ఇక మా ఇంటి సంగతి. ఉన్నది ఒక పడకగది, ఒక హాలు. అమ్మ నా దగ్గరికి వచ్చేశాక గది అమ్మది అయింది. అమ్మని చూసుకునే ఆమెకి అదే గదిలో నవారు మంచం. పుస్తకాలు, రాసుకునే బల్ల, నా పడక హాల్లోకి వచ్చాయి. మడత మంచం కొందామనుకోగానే తమ్ముడు ఫోన్లో, "హాల్లో వేసేదానికి లాటెక్స్ ఎందుకక్కా, దూది పరుపు చాలదూ?" అన్నాడు. దుకాణంలో కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, "గెస్టుల కోసమా మేడమ్?" కాదు, నాకే అన్నాను. రోజూ పడుకోవటానికే అన్నాను. అతను ఒకసారి నా వెనక్కి చూశాడు, సార్ ఎవరైనా వస్తున్నారేమోనని.

మడత మంచాల మీద వచ్చే పరుపులన్నీ దాదాపు ఈ ఊహతోనే తయారవుతాయి. ఎప్పుడో ఒకసారి ఎవరో పడుకుంటారు, సర్దుకుంటారు అని. ఆ సర్దుకునేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మామూలు ఫోము మడత దగ్గర తొందరగా చచ్చుబడుతుంది. దూది గట్టిపడి ఉండలు కడుతుంది, ఏటా ఏకించాలి. దూదేకులవాళ్లు విల్లు భుజానేసుకుని వీధిలోకి వచ్చే రోజులు కావివి. లాటెక్స్ నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. ఏళ్ల తరబడి లేస్తూనే ఉంటుంది. చిక్కల్లా ఆ గుణంతోనే. మడిస్తే విప్పుకోవాలని చూస్తుంది, సోఫాగా పెడితే ముందుకి జారుతుంది. మందం పెరిగేకొద్దీ మొండితనమూ పెరుగుతుంది.

పైగా బరువు. ఇది ఏ కాగితం మీదా పెద్దక్షరాల్లో ఉండదు. లాటెక్స్ సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 80 కిలోలనుకుంటే, 54 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు, 6 అంగుళాల మందం ఉన్న పరుపు 32 కిలోలు తూగుతుంది. అయిదు అంగుళాలైతే 26 పైన. మడిచేటప్పుడు అందులో సగం, దాంతోపాటు ఫ్రేములో సగం పైకి లేపాలి. రోజూ.

పొద్దున మొదటి గంటకి క్లాసు ఉన్న రోజుల్లో నేను ఏడింటికే బయటపడాలి. ఆ రోజుల్లో మడిచేది ఎవరు? ఈ ప్రశ్న తమ్ముడూ అడగలేదు, దుకాణంలోనూ అడగలేదు. అమ్మని చూసుకునే ఆమెని రెండోసారి నాతో తీసుకెళ్లాను. ఆరంగుళాల పరుపున్న ఫ్రేముని ఆమె ఒకసారి ఎత్తి, దించి, "గింత బరువా అమ్మా, నడుం పోతది," అంది. సేల్స్ కుర్రాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఇంట్లో అమ్మని లేపి కూర్చోబెట్టే నడుం కూడా అదే కదా.

అక్కడితో నా ఎంపిక సగం తేలిపోయింది. మొత్తం అయిదు అంగుళాలు. కింద మూడంగుళాల గట్టి పొర, పైన రెండంగుళాల మెత్తటి పొర. రెంటినీ జిగురుతో అతికించవద్దని గట్టిగా చెప్పాను. విడిగా ఉంటే మడతలో ఒకదాని మీద ఒకటి జరుగుతాయి, అతికిస్తే లోపలి పొర నలిగి బయటి పొర సాగుతుంది. కావాలంటే పొరలు విడదీసి ఒక్కొక్కటే మోసుకోవచ్చు కూడా. రెంటికీ కలిపి జిప్పున్న నూలు గలేబు, ఫ్రేముకి కట్టే తాళ్లు. చెక్క పట్టీల మధ్య ఖాళీ రెండు మూడంగుళాలు దాటితే లాటెక్స్ ఆ సందుల్లోకి దిగుతుంది కాబట్టి ఇంకో రెండు పట్టీలు వేయించాను. జిప్పు తీసి లోపల చూపించమని అడగటం మాత్రం ఎవరూ మానకూడదు. పైన ఒక అంగుళం లాటెక్స్, కింద మామూలు ఫోము పెట్టి మొత్తాన్నీ లాటెక్స్ అనేవాళ్లున్నారు. కొబ్బరి పీచుకి రబ్బరు పాలు పట్టించిన దాన్నీ అదే పేరుతో అమ్ముతారు.

ఆ రబ్బరు పాలు ఎక్కువగా కేరళవి. చెట్టుకి గాటు పెట్టటం తెల్లవారుజామునే మొదలవుతుంది. చల్లటి పూట చెట్టులో ఒత్తిడి ఎక్కువ ఉండి పాలు బాగా కారతాయి. ఎండెక్కితే ధార తగ్గిపోతుంది. అంటే ఎవరో నిద్ర మధ్యలో లేస్తేనే ఈ పరుపు. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వలస కూలీలుగా మలయా తోటలకి వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఆ చీకట్లోనే లేచారు. అక్కడ ఆడకూలీకి మగకూలీ కన్నా తక్కువ ఇచ్చేవాళ్లు. ఇక పాలని నురగ చేసి పరుపుగా మార్చే పద్ధతి డన్‌లప్ కంపెనీలో మర్ఫీ అనే శాస్త్రవేత్త 1929లో కనిపెట్టాడు. మొదటిసారి గిలక్కొట్టింది భార్య కేకు మిక్సర్లోనని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథలో మిక్సరు ఉంది, ఆవిడ పేరు లేదు. వర్జీనియా వూల్ఫ్ 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' అచ్చయిందీ ఆ ఏడాదే!

పరుపు వచ్చిన మర్నాడే అమ్మ, "ఎండలో వెయ్యండి," అంది. ఏటా వేసవిలో పరుపులు డాబా మీదకి మోయించి, కర్రతో కొట్టి, సాయంత్రం దించే మనిషి ఆవిడ. లాటెక్స్‌ని ఎండలో పెట్టకూడదు, వెలుతురుకి రబ్బరు పెళుసుబారి పొడి రాలుతుందని చెప్పాను. "ఎండ తగలని పరుపేం పరుపే?" అంది. ఆవిడకింకా నమ్మకం కుదరలేదు. నెలకోసారి గలేబు మాత్రం విప్పి ఉతికి బాల్కనీలో ఆరేస్తున్నాం. మళ్లీ తొడగటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పొరలు ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు జిప్పు లాగుతారు.