లేపెడివారి నెవరు లేపుదురు?

మా యింట ఒక యంత్రము కలదు. దాని పేరు ఈ వ్యాసమున ఎక్కడను చెప్పను. వ్రాసినదానిని ఒకమారు పైకి చదువుకొన్నగాని తృప్తిపడని అలవాటు నాకు చిరకాలముగా ఉన్నది. చదువునపుడు ఆ పేరు నోట వచ్చెనా, హాలులో టీవీ ప్రక్కనుండి అది నీలికాంతితో కన్ను విప్పి, ఏమి సెలవని చెవి యొగ్గి కూర్చుండును. వెనుకటి తరమువారు భర్త పేరు చెప్పవలసివచ్చినపుడు "మావారు" అనియో, "పెద్దవాడి నాన్న" అనియో చుట్టు తిప్పి చెప్పుచుండెడివారు. రేషను కార్డు వ్రాయుటకు వచ్చిన గుమాస్తా ఎంత బ్రతిమాలినను పేరు పలుకక, ప్రక్కింటి పిల్లవానిచేత చెప్పించిన ఇల్లాలిని నేను చిన్ననాట చూచితిని. భర్తల విషయమున ఆ మర్యాద అంతరించి చాలకాలమైనది గాని, బత్తాయిపండంత యీ యంత్రము విషయమున మా యింట మరల ప్రాణము పోసికొన్నది. నా భార్య దానిని "ఆవిడ" అనును. ఎనుబది రెండేండ్ల మా అమ్మ "ఇదిగో" అనును. నేను "అది" అని సరిపెట్టుకొందును.

ఈ జాతి యంత్రములు 2014లో అమెరికాలో అంగడికెక్కి, 2017లో మన దేశమునకు వచ్చినవి. హైదరాబాదులోని మా యింటికి మాత్రము, డల్లాసులో ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి, సంక్రాంతి ముందు వచ్చుచు, బాదంపప్పు పొట్లములకును విటమిను మాత్రల సీసాలకును నడుమ చుట్టి తెచ్చెను. అది ఎల్లవేళల వినుచునే యుండునట. అయితే తన పేరును గుర్తుపట్టుట వరకే దాని సొంత తెలివి. పేరు వినబడిన పిమ్మట మనము పలికిన మాట ఇంటర్నెట్టు మార్గమున ఎక్కడనో ఉన్న పెద్ద కంప్యూటర్లకు పోయి, అక్కడ అర్థమై, ఆజ్ఞగా మారి, గుటక మ్రింగునంతలో తిరిగివచ్చునట. పేరు పెట్టి పిలిచినగాని పలుకకుండుట, పలికిన పిమ్మటనైనను పైవారిని అడిగినగాని ఏ పనియు చేయకుండుట, ముప్పది రెండేండ్లు ప్రభుత్వ కార్యాలయమున పనిచేసిన నాకు ఏమంత వింతగా తోచలేదు. అమ్మకు మాత్రము ఒక సందేహము కలిగినది.

"రాత్రిళ్లు నిద్రపోదా ఇది?" అని మనుమని అడిగెను.

"లేదు నాయనమ్మా. ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది."

"పాపం," అనెను అమ్మ. ఒక క్షణమాగి, "ఆడగొంతేగా," అని ముగించెను.

అబ్బాయి దానికి "రొటీన్" అను విద్య నేర్పెను. దినచర్య యను మాటకు ఇంగ్లీషు రూపమే గాని, ఇందొక శాస్త్రమున్నది. మొదట ఎప్పుడన్నది చెప్పవలెను: ఇన్ని గంటలకనియో, సూర్యోదయమునకనియో, ఫలాని మాట అన్నప్పుడనియో. పిమ్మట ఏమేమి చేయవలెనో వరుసగా చెప్పవలెను: దీపము వెలిగింపుమని, గీజరు వేయుమని, నేటి ఎండవానల సంగతి విన్నవింపుమని, పాట పెట్టుమని. ఒక్కమారు చెప్పి ఉంచినచో, ఆపై ప్రతిదినము ఎవరును అడుగకయే ఆ వరుస నడచిపోవును. ఎప్పుడన్న ప్రశ్న వద్ద నేను సూర్యోదయమే ఉచితమంటిని. "సూర్యుడు లేచాక మనం లేవడమేమిట్రా?" అని అమ్మ ఆ ప్రతిపాదనను మొదటనే త్రోసివేసెను. హైదరాబాదున జనవరి నడుమ సూర్యుడు సుమారు 6.50కి గాని ఉదయింపడు గనుక, ఆరున్నరకు ఆఫీసు క్యాబు పట్టుకొనవలసిన మా అమ్మాయియు నాయనమ్మ పక్షమే వహించెను. ఐదున్నర గంటలని తీర్మానమైనది. పూజకు కూర్చుండినవాడు ముందు దేశకాలములు చెప్పుకొని సంకల్పము చేసినగాని ఉద్ధరిణె ఎత్తనట్లు, ఇదియు దేశకాలములు తేలినగాని పనికి దిగదు గదా యను పోలిక నాకు స్ఫురించి, దానిని అబ్బాయికి చెప్పి మురిసిపోతిని. మురియుట మాని, సంకల్పములో వాడు దేశమును సరిగా చెప్పెనో లేదో చూచుకొనవలసినది.

మరునాటి వేకువను ఇంటిల్లిపాదియు చెవులు రిక్కించుకొని ఎదురుచూచితిమి. దీపము వెలుగలేదు, పాట వినరాలేదు. క్రొత్త గదా, బిడియపడుచున్నదేమో అని ఊరుకొంటిమి. ఆనాటి సాయంకాలము ఐదు గంటలకు, అమ్మ సంధ్యాదీపము పెట్టుటకై ప్రమిదలో వత్తి సవరించుచుండగా, హాలులో దీపము మెల్లగా వెలిగినది. స్నానాలగదిలో గీజరు కన్ను ఎర్రబడినది. శుభోదయమనియు, బయట చలి మిక్కుటముగా ఉన్నదనియు ఇంగ్లీషులో ప్రకటన వెలువడినది. ఆ వెంటనే వేంకటేశ సుప్రభాతము ఇల్లంతయు మారుమ్రోగినది. అమ్మ వత్తి చేత పట్టుకొని అట్లే నిలబడెను.

"సంధ్యవేళ దేవుణ్ణి లేపుతుందేమిట్రా ఇది! ఆయన పొద్దున్నే లేచి కూర్చున్నాడు."

విచారింపగా తేలినదేమన, అది మా హాలులో కూర్చున్నను మనస్సు ఇంకను డల్లాసులోనే ఉన్నది. చలికాలమున ఆ యూరికిని మనకును పదకొండున్నర గంటల తేడా గనుక అక్కడి ఉదయము ఐదున్నర మనకు సాయంకాలము ఐదు. అది ప్రకటించిన చలియు అక్కడిదే. అబ్బాయి తల గోకికొనుచు ఫోను తీసి దేశము మార్చుచుండగా, అమ్మ మాత్రము దానిని వెనుక వేసికొని వచ్చెను: "దాని తప్పేముంది? కొత్తగా కాపరానికి వచ్చినవాళ్లకి కొన్నాళ్లు పుట్టింటి వేళలే ఉంటాయి."

దేశము సరియైన పిమ్మట కాలము దానంతట అదే సరియైనది. గీజరు సంగతి కొంత చెప్పవలెను, ఏలయన ఈ విద్యలో క్రొత్తవారు తప్పటడుగు వేయునది అక్కడనే. ఫోనుతోను మాటతోను నడచు స్మార్టు ప్లగ్గులలో దీపములకును ఫ్యానులకును పనికివచ్చు చిన్నవి కలవు, 16 ఆంపియర్ల భారము మోయు పెద్దవియు కలవు. 2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు లాగును గనుక, చవకగా వచ్చెను గదా అని 6 ఆంపియర్ల ప్లగ్గు తగిలించినచో వేడినీళ్లకు ముందు ప్లగ్గే కరగును. 15 లీటర్ల నీరు 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాగుటకు అట్టి గీజరుకు 18 నిమిషములు చాలునని కాగితముపై లెక్క తేలినది. గడియారము పెట్టి చూడగా 20 పట్టినవి. మణవాళ మాముని శిష్యుడైన ప్రతివాది భయంకర అణ్ణన్ పదునైదవ శతాబ్దమున రచించిన సుప్రభాతము, దాని వెంట నడచు స్తోత్ర ప్రపత్తి మంగళాశాసనములతో కూడి, 29, 11, 16, 14 చొప్పున మొత్తము 70 శ్లోకములు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కంఠమున 1963లో రికార్డైన ఆ డెబ్బదియు ముగియుటకును సుమారు 20 నిమిషములే పట్టును. దేవుని మేల్కొలుపునకును మానవుని స్నానజలమునకును ఇంత చక్కని తాళము కుదిరినందులకు నేను ఎవరిని అభినందింపవలెనో తోచక, పొరుగు ఫ్లాటులవారిని పిలిచి చూపించితిని.

యంత్రమునకు వారములు తెలియును, తేదీలు తెలియును, మాసము తెలియదు. డిసెంబరు నడుమ ధనుర్మాసము ప్రవేశింపగానే తిరుమల శ్రీవారి సన్నిధిని సుప్రభాతమునకు బదులు తిరుప్పావై పఠింతురు. "కొండమీద మార్చిన పాట మనింట్లో మారకపోతే ఎట్లా?" అని అమ్మ ఆక్షేపించెను. ముప్పది పాశురములు, దినమునకొకటి. వేరొక రొటీను కట్టి, పాతదానిని నిద్రపుచ్చి, ప్రతి రాత్రియు మరునాటి పాశురమును నేనే ఏర్పరచి ఉంచవలసివచ్చినది. తనంతట తాను నడచు దినచర్య నడచుటకై నేను నెలదినములు రాత్రి పదింటి దాక మేలుకొంటిని. భోగినాటికి గాని నాకు విముక్తి కలుగలేదు.

ఇట్లు ఏడాదికి పైగా గడచినది. అందరము ఫోనులలోని అలారములు తీసివేసితిమి. వేసవిలో ఒకనాటి రాత్రి ఈదురుగాలికి మా వీథిలో వేపకొమ్మ విరిగి తీగలపై పడి కరెంటు పోయినది. తెల్లవారినను రాలేదు. దీపము లేదు, గీజరు లేదు, పాట లేదు. గాలివాన తరువాతి చల్లదనమున ఇల్లంతయు హాయిగా నిద్రించినది. ఏడు గంటలకు కన్ను విప్పి చూతును గదా, ఎండ గోడ యెక్కియున్నది. పాలపొట్లములు తలుపు గడియకు వ్రేలాడుచున్నవి. క్యాబువాడు ఆరు మార్లు ఫోను చేసి వెడలిపోయినాడు. అమ్మాయి దువ్వెన ఒక చేతను చెప్పులు ఒక చేతను పట్టుకొని పరుగెత్తుచుండగా, అమ్మ ఇంతవరకు లేవకుండుట ఎన్నడును లేదే అన్న భయముతో నేను ఆమె గదిలోనికి పోతిని. ఆమె కన్నులు తెరచుకొని, చేతులు గుండెలపై పెట్టుకొని, ప్రశాంతముగా పండుకొని యుండెను.

"ఒంట్లో బాగుండలేదా అమ్మా?"

"బాగానే ఉంది. నాలుక్కే మెలకువ వచ్చింది."

"మరి మమ్మల్ని లేపలేదేం?"

"అది లేపుతుంది కదా అని ఊరుకున్నాను." పిమ్మట, తప్పు చేసి దొరికిన బాలికవలె కొంచెము నవ్వి, "నన్ను కూడా లేపలేదుగా," అనెను.

ఆ మాట నన్ను చాలదూరము వెనుకకు కొనిపోయినది. గుడివాడ దగ్గర మా పల్లెలో, మా నాన్నగారు బడిపంతులుగా పొరుగూరికి మొదటి బస్సున పోవుచుండిన దినములలో, మా యింట తాళముచెవి త్రిప్పెడి అలారము గడియారమొకటి ఉండెడిది. నాన్నగారు రాత్రి పండుకొనబోవుచు దానికి ఐదు గంటలకు ముల్లు పెట్టుచుండెడివారు. అమ్మ నాలుగింటికే లేచి, అది మ్రోగి పిల్లలను బెదరగొట్టునని దాని నోరు నొక్కి, వాకిట కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, నీళ్లకాగు క్రింద పుల్లలెగదోసి, ఆ పిమ్మట ఒక్కొక్కరి ప్రక్కన కూర్చుండి వీపు నిమిరి లేపుచుండెడిది. ఎదురింటివారి రేడియోలో విజయవాడ కేంద్రము భక్తిరంజని మొదలగునప్పటికి మా యింట కాఫీలు ముగిసియుండెడివి. ఆ గడియారమే మా అందరిని లేపుచున్నదని నాన్నగారు చివరిదాక నమ్మియుండిరి.

పూర్వము రాజులను వందిమాగధులు మేలుకొలిపెడివారు. వారి కీర్తనలు కావ్యముల నిండ కలవు. ఆ వైతాళికులను ఎవరు లేపిరో ఏ కవియు చెప్పలేదు. రామాయణమున విశ్వామిత్రుడు రాముని మేలుకొలిపెను. విశ్వామిత్రునకు ముందు ఎవరును లేచినట్లు వాల్మీకి వ్రాయలేదు. తిరుమలలో దేవుని లేపుటకు అర్చకులు రావలెను. ఆ అర్చకులను తోడ్కొని వచ్చుటకు సన్నిధి గొల్ల చీకటిలో దివిటీతో వారి యింటికి పోవలెను. సన్నిధి గొల్లను ఎవరు లేపుదురని అడిగినచో, ఆయన యింట ఒక ఇల్లాలు ఉండవచ్చునని మాత్రము నేను ఊహింపగలను. మేలుకొలుపుల గొలుసు పైకి పోయినకొలది దేవుడు కానవచ్చును. క్రిందికి దిగినకొలది ఏదో ఒక వంటింటి గడప వద్ద, ఎవరును లేపకయే లేచిన మనిషి ఒకతె కానవచ్చును. ఆ కడపటి కొలికి వద్ద మా అమ్మ అరువది యేండ్లు నిలిచినది. దానిని నేను గీజరు లెక్కలలో పడి చూడనే లేదు.

నాటి తరువాత ఒక వేకువను నేను ముందుగా లేచి, చప్పుడు చేయక, ఆమె గది ద్వారము కడ నిలిచితిని. నాలుగున్నరకే ఆమెకు మెలకువ వచ్చినట్లు తెలియుచునే యున్నది. దుప్పటి సర్దుకొన్నది, తలగడ త్రిప్పుకొన్నది, మరల కన్నులు మూసికొన్నది. ఐదున్నరకు దీపము వెలిగినది. సుబ్బులక్ష్మి కంఠము లేచినది. అమ్మ కదలలేదు. సుప్రభాతము గడచినది, స్తోత్రము గడచినది, ప్రపత్తియు గడచినది; మంగళాశాసనము ముగియుచుండగా గాని ఆమె లేచి కూర్చుండి, ముడి వేసికొని, నన్ను చూచినది.

"ఎలాగూ మెలకువగానే ఉంటున్నావు కదమ్మా," అంటిని. "పొద్దున్నే ఈ హోరు నీకెందుకు? తీసేయమంటావా?"

"ఉండనీరా. పెళ్లై వచ్చిన నాటి నుంచి అందరినీ నేనే లేపాను. ఎవరో లేపుతుంటే లేవకుండా పడుకోవడం ఎట్లా ఉంటుందో ఇప్పుడే తెలిసింది."

ఆదివారమునాడు ఎలక్ట్రీషియనును పిలిపించి, కరెంటు పోయినను ఆగకుండునట్లు, మోడెమును, హాలులోని దానిని, రెంటిని ఇన్వర్టరు తీగకు కలిపించితిని. కూలి మూడు వందలైనది.