శంషాబాద్ నుంచి దుబాయి ఎంత దూరం?

రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత అంటే సైన్సు విద్యార్థికి లెక్క కట్టడం పెద్ద కష్టమేమీ కాదు. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు, భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు తెలిస్తే చాలు. శంషాబాద్ నుంచి దుబాయికి ఆ లెక్కన దాదాపు 2,550 కిలోమీటర్లు వస్తుంది. విమానం గంటకు 850 కిలోమీటర్ల చొప్పున పోతే మూడు గంటల దారి. నేలమీద పరుగు, పైకెక్కడం, దిగడం కలిపితే ఇంకొంచెం ఎక్కువ.

మా అన్న దుబాయి పోయే దాకా కుల్కచర్లలో మా యింట్లో ఈ లెక్కతో ఎవరికీ పని పడలేదు. బోరు ఎండి, పత్తి మీద పెట్టిన పెట్టుబడి రాక, అప్పు తీర్చడానికి పోయాడు. మొదటిసారి సెలవుకని రానూపోనూ టికెట్టు తీసి ఫోనులో పంపితే నాయిన నాతో చదివించుకున్నాడు. సుమారుగా చెప్పాలంటే, ఇక్కడ పొద్దున 10 గంటలకు ఎక్కితే అక్కడ 12.30కి దిగుడు. అక్కడ 10కి ఎక్కితే ఇక్కడ మధ్యాహ్నం 3కి దిగుడు.

"గిదేంది బిడ్డా! పోయెటప్పుడు రెండున్నర గంటలే, వచ్చెటప్పుడు ఐదు గంటలా? ఇంటికొచ్చే తొవ్వనే దూరమైతదా?" అన్నాడు.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల తేడా సుమారు 23 డిగ్రీలు. కనుక మన నెత్తిమీదికొచ్చిన పొద్దు దుబాయి నెత్తిమీదికి చేరడానికి మరో గంటన్నర పడుతుంది. అక్కడి గడియారాలు కూడా అంతే వెనుక. ఆ గంటన్నర తీసి చూస్తే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర. నిజానికి ఇంటికొచ్చే దారే తక్కువ! ఆ అరగంట చాలావరకు గాలి పుణ్యం. పై ఎత్తుల్లో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి గాలి బలంగా వీస్తుంది. తూర్పుకు వచ్చే విమానాన్ని వెనుక నుంచి తోస్తుంది, పడమటికి పోయేదానికి ఎదురొస్తుంది. గడియారం సంగతి నాయినకు అంతగా ఎక్కలేదు గానీ, యేండ్ల తరబడి వడ్లు తూర్పార పట్టిన మనిషి గనుక గాలి సంగతి చెప్పీ చెప్పకముందే తలూపాడు.

కిందటేడు కార్తీకంలో మా నాయినమ్మ పోయింది. కబురు అన్నకు నిమిషంలో అందింది. మూడున్నర గంటల దారే కదా! కాని పనిచేసే చోట సెలవు ఒప్పుకోవాలి. వాళ్ల దగ్గరున్న పాసుపోర్టు చేతికి రావాలి. టికెట్టుకు పైసలు పుట్టాలి. శంషాబాద్‌లో దిగినాక పరిగి మీదుగా ఊరు చేరాలి. నాయిన మరునాడు పొద్దుగూకే దాకా చూసి మట్టి చేయించాడు. అన్న మూడోనాడు వచ్చాడు.

సైన్సు అబద్ధం చెప్పిందని నేననను. 2,550 కిలోమీటర్లు నిజమే, మూడున్నర గంటలూ నిజమే. అయితే అవి విమానం లెక్కలు. తలుపు మూస్తే మొదలై, తెరిస్తే ముగుస్తాయి. కూలికి పోయినవాని దూరం సెలవు అడిగిననాడే మొదలవుతుంది. యజమాని కార్మికుల పత్రాలు తన దగ్గర పెట్టుకోరాదని 2021లో వచ్చిన ఆ దేశపు కార్మిక చట్టమే చెబుతున్నది. ఆ ఒక్క మాట అమలైతే, ఏ కొత్త విమానమూ తగ్గించలేని దూరం తగ్గుతుంది.

ఇప్పుడు అన్న ఫోను చేస్తే నాయిన గంటల లెక్క అడగడు. "కంది కోతకొస్తవా, వానకాలం విత్తనాలకొస్తవా?" అనే అడుగుతాడు.