పాలమూరు మెట్టలమీద నొక యాలోచన



గడచిన మాఘమాసమున నేను బంధుదర్శనార్థము నల్లగొండ జిల్లాలోని దేవరకొండకు బోయి, అచ్చటినుండి డిండి మీదుగా నల్లమలలోని అమరాబాదువఱకు ప్రయాణము చేసితిని. దారి వర్ణనముకంటె దారి పొడవున మా కారులో జరిగిన చర్చయే మీకు నుపయోగకరమని తలచి వ్రాయుచున్నాను.

నాతో వచ్చినవారు మా పినతల్లి కుమారుడును, ఆయన పెద్దకూతురును. ఇంటరు చదువుచున్న యా చిన్నది పశువైద్యురాలు కాగోరుచున్నది. ఇచ్చట సీటు దొరకునో లేదో యని తండ్రికి దిగులు. ఉన్న నాలుగెకరముల చెలక నమ్మియైనను విదేశమునకు బంపుదునని యాయన పట్టు. "అక్కా, నీవేమందువు?" అని నన్నడిగెను. ఇంకను ఇద్దఱు చిన్నపిల్లలు గల యింట నది సామాన్యమైన ప్రశ్న కాదు.

దేవరకొండ దాటినపిదప నంతయు మెట్టభూమి. నల్లని గుండ్లు, ముండ్లకంపలు, ఎండిన వాగులు. వాన తప్పిన యేట నిచ్చట ననేక కుటుంబములను గొఱ్ఱెలును మేకలునే నిలువబెట్టును. డిండి దాటినతోడనే యొక మంద యడ్డము వచ్చెను. గొంగడి కప్పుకొనిన ముసలమ్మను పలుకరింపగా, నిరుడు తొలకరి పచ్చికకు చిటుకురోగము వచ్చి అయిదు గొఱ్ఱెలు పోయినవని చెప్పినది. "పొద్దుగాల మంచిగనే మేసినయి, పొద్దుగూకెవరకు పడిపోయినయి. గొర్రె నోరిడిసి చెప్పలేదు బిడ్డా, మనమే కనిపెట్టాలె." ఆ రోగమునకు టీకా కలదు. "వానలకు ముందు వేయించితివా, అవ్వా?" అని మా చిన్నది యడుగగా, ఆమె తల యడ్డముగా నూపినది.

మరల బయలుదేఱి లాభనష్టములు లెక్కించితిమి. పశువైద్య పాఠశాల ప్రపంచమున మొదట ఫ్రాన్సులోని లియాన్ నగరమున 1761లో వెలసెను, లండనులో 1791లో. అంతటి యనుభవముగల దేశములలో గొప్ప పరిశోధనశాలలును, పశువుల యాసుపత్రులును కలవు. అచ్చటి పట్టముతో నచ్చటనే జీవనము చేయ నెంచువారికి మార్గము సుగమము. ఇచ్చటి పట్టముతో అమెరికాలో చికిత్స చేయగోరువారు అచ్చటి పరీక్షలు వేఱుగా నీయవలసియుండును.

ఇక రెండవ పక్షము. బ్రిటనులో ఈ చదువు సాధారణముగా అయిదేండ్లు. అమెరికాలో ముందు కొన్నియేండ్లు కళాశాలలో చదివి, పిమ్మట నాలుగేండ్లు చదువవలెను. పరదేశపు విద్యార్థుల జీతములు స్వదేశీయులకంటె మిక్కిలి హెచ్చు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము నమోదు లేనిదే మన దేశమున పశువైద్యవృత్తి చేయరాదు. కావున మన మండలి యంగీకరింపని పట్టము తెచ్చి యిల్లు చేరినయెడల, చేతిలో కాగితమే మిగులును.

"ఆడుపిల్లకు ఈ మందల వెంట తిరుగుట యేల?" అని తండ్రి సందేహించెను. అప్పుడు నేను ఐర్లండు దేశస్థురాలగు అలీన్ కస్ట్ కథ చెప్పితిని. ఆమె 1900 నాటికే ఎడింబరోలో చదువు ముగించినను, స్త్రీయని పట్టము నిరాకరించిరి. ఐనను పల్లెలలో పశువులకు చికిత్స చేయుచునే యుండి, 1919లో చట్టము మాఱిన పిమ్మట 1922లో పట్టము పొందెను. ఆమెకు మూసిన తలుపు మన పిల్లకు తెఱచియున్నది.

మనకును 1946లో స్థాపింపబడిన రాజేంద్రనగరపు కళాశాలయు, కోరుట్ల, మామునూరు కళాశాలలును కలవు. చదువు అయిదున్నర యేండ్లు. అందొక యేడు చేతిపని శిక్షణ. ఇచ్చట మొదటి పట్టము పొంది, పైచదువునకు విదేశమున కేగుట మేలని నాకు తోచినది. మన గొఱ్ఱెను, మన గేదెను ఎఱిగిన చేతికి పరదేశపు విద్య తోడైన శోభించును.

అమరాబాదు చేరునప్పటికి సాయంకాలమైనది. ఒడలెల్ల పొడలుగల పొడతూర్పు పశువులు అడవినుండి మరలుచుండెను. చిన్నది వానిని చూచుచు, "నాయనా, సీటు రాకున్న మఱియొక యేడు చదివెదను. అప్పటికిని రాకున్న విదేశము మాట యోచింతము. చెలక మాత్రము ఇప్పుడమ్మవలదు" అనినది. తండ్రి బదులాడలేదు, కాని తిరుగుదారిలో భూమి బేరము మాట యెత్తలేదు.

తల్లులారా! మీ బిడ్డలను దూరదేశమునకు బంపదలచినచో, అచ్చటి పట్టము ఇచ్చట చెల్లునా, మొత్తము వ్యయ మెంత, చదివి యెచ్చట నుండగోరుచున్నారు అను మూడు సంగతులును ముందు విచారింపుడు. మూడవదానికి బిడ్డయే బదులు చెప్పవలెను.