నాచు ప్లాస్టిక్కు మట్టిలో కలుస్తుందా?

"నాచుతో చేసిన ప్లాస్టిక్" అని కనిపిస్తే చాలు, మనవాళ్ళు రెండో మాట అడక్కుండా కొనేస్తున్నారు. చెరువూ బాగుపడుతుంది, పారేస్తే మట్టిలోనూ కలిసిపోతుంది, ఒకే దెబ్బకు రెండు పిట్టలు! మొదటి పిట్ట నిజమే. రెండోదాని గురించే నా గోల.

ముందు మొదటిది. చైనాలోని తైహు సరస్సులోకి పొలాల ఎరువులు, ఊళ్ళ మురుగు చేరి నాచు పేరుకుంటూ వచ్చింది. 2007లో అది ఎంత ముదిరిందంటే, పక్కనున్న వూషీ నగరంలో సుమారు 20 లక్షల మందికి కుళాయి నీళ్ళు తాగడానికి పనికిరాకుండా పోయాయి. ఆ నాచుని తోడి గట్టున పోస్తే కుళ్ళి కంపు. అదే ఆరబెట్టి, పొడిచేసి ప్లాస్టిక్‌లో కలపొచ్చు. నాచులో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి వేడి, ఒత్తిడి తగిలితే అవి మెత్తబడి ప్లాస్టిక్‌తో కలుస్తాయి. 2017లో వివోబేర్‌ఫుట్ కంపెనీ ఇలాంటి "బ్లూమ్" ఫోముతో బూట్లు కూడా తెచ్చింది. ఐడియా భేషుగ్గా వుంది, కాదనను.

తిరకాసల్లా ఇక్కడే. ఆ ఫోములో నాచుతో పాటు వుండేది ఈవీఏ, అంటే పెట్రోలియం సరుకే. పెరట్లో పాతేస్తే నాచు కుళ్ళొచ్చు గానీ ఈవీఏ కుళ్ళదు. పోనీ, మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏలో కలిపితే? కుళ్ళుతుంది, కాకపోతే 60 డిగ్రీల దాకా వేడి నిలిపే కంపోస్టు ప్లాంటులో. మురిక్కాలవలో పడితే ఏళ్ళ తరబడి అలాగే వుంటుంది. ఇన్‌పుట్ చూసి ఔట్‌పుట్ చెప్పేస్తే మన టెస్టింగ్ వాళ్ళు ఊరుకుంటారా? ఇదీ అంతే.

నాచు వేసినా వెయ్యకపోయినా ప్రశ్న మారదు. మొన్న మా ఆఫీసు క్యాంటీన్లో స్టీలు గ్లాసులు తీసేసి, పీఎల్ఏ పూసిన కాగితం కప్పులు పెడదామన్నారు. "కంపోస్టబుల్" అని సర్టిఫికెట్ కూడా చూపించారు. "వాడాక ఇవి ఏ ప్లాంటుకి వెళ్తాయండీ?" అనడిగాను. ఎవరూ మాట్లాడలేదు. మా చెత్తంతా ఒకే లారీలో డంపింగ్ యార్డుకి పోతుంది మరి. పైగా కప్పులొస్తే గ్లాసులు కడిగే ఇద్దరు ఆడవాళ్ళ ఉద్యోగాలు పోతాయి. ఆ సంగతి ఏ సర్టిఫికెట్లోనూ వుండదు.

ప్రస్తుతానికి గ్లాసులు వున్నాయి. వచ్చే నెల మళ్ళీ చర్చ పెడతారట. ఈలోగా మీ ఆఫీసుల్లో ఇలాంటి కప్పులు వాడాక ఎక్కడికి వెళ్తున్నాయో కాస్త కనుక్కుని చెబుదురూ!