ఖాకీ

ప్రతి ఉదయం ఖాకీ తొడుక్కొని విధులకు వచ్చే మనలో ఆ మాటకు అర్థమేమిటని యోచించినవారు అరుదు. మేమూ చాలాకాలం యోచించలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టోర్సులో మాకు దుస్తులు ఇస్తూ, హైదరాబాదుకు చెందిన ఒక పెద్దాయన, "ఖాక్ అంటే మన్ను సార్. మన్ను రంగున్నది గనుక ఖాకీ" అన్నారు.

తరువాత నిఘంటువులు తిరగవేయగా ఆయన మాట నిజమని తేలింది. 'ఖాక్' పారసీక పదం. ధూళి, మన్ను అని అర్థం. దానికి 'ఈ' చేరి 'ధూళి వన్నె గలది' అయినది. ఉర్దూ ద్వారా అది మన భాషలలోకీ, ఇంగ్లీషులోకీ ప్రవేశించింది. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ అనే అధికారి 'గైడ్స్' దళాన్ని ఏర్పరచాడు. ఎర్రకోట్లు ఆ ఎండుకొండల నడుమ దూరానికే కనబడతాయి గనుక, ఆ దళానికి నేలలో కలిసిపోయే రంగు దుస్తులు వచ్చాయి. 1857 తిరుగుబాటు కాలంలో మరికొన్ని దళాలు తమ తెల్లబట్టలకు ఆ రంగు వేసుకున్నాయి. క్రమేణా అది పోలీసులకు, బస్సు డ్రైవర్లకు, కార్మికులకు సంక్రమించింది.

కంటబడకుండా ఉండేందుకు ఎంచుకున్న రంగు అది. మేము మాత్రం బాల్యంలో ఆ రంగు మా బడి ఆవరణలోనే కనబడకూడదని కోరుకున్నాము.

మా తండ్రిగారు బస్సు డిపోలో మెకానిక్కు. ఒకనాడు మేము మరచిన క్యారియరు ఇవ్వడానికి, నూనె మరకల ఖాకీతోనే బడికి వచ్చారు. ఆయన ఎవరని మిత్రులు అడిగితే, "మా వీధిలో ఉంటారు" అన్నాము. ఆయన క్యారియరు మా చేతికిచ్చి మౌనంగా వెళ్ళిపోయారు. ఇంటివద్ద ఆ ప్రస్తావన తేలేదు. కాని ఆ తరువాత బడికి ఎప్పుడు వచ్చినా, డిపో నుండి ఇంటికి వెళ్ళి, తెల్లపంచె కట్టుకొని వచ్చేవారు.

మాకు ఇచ్చిన ఖాకీని తొలి సెలవుకు ఇంటికి తీసుకువెళ్ళాము. మా తండ్రిగారు దానిని వేళ్ళ మధ్య నలిపి చూసి, "నూలుదే. మంచిది. నిప్పు రవ్వ పడినా కరిగి ఒంటికి అంటుకోదు" అన్నారు. క్షమాపణ కోరడానికి అంతకన్న మంచి సమయం మాకు మరల దొరకలేదు. అప్పుడూ కోరలేకపోయాము. నేడు ఆయన లేరు.

కొత్తగా చేరిన యువ ఇంజనీర్లు ఈ రంగేమిటని విసుక్కున్నప్పుడల్లా, మేము ఆ మాటకు అర్థం చెబుతూ ఉంటాము. తెల్లపంచె సంగతి చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.